మసుయో క్లోవర్ నేల

ఒక పార మట్టిలో ఇరవై ఏడు వానపాములు. మా చెల్లెలు మసుయో సాధించిన మొదటి గెలుపు అది. బస్తాల్లో కొనే రసాయన ఎరువు మానేసిన నాలుగో వసంతంలో, మంచు కరగ్గానే కొట్టం వెనక వాలులో పార దించి, పెళ్లను గోనెసంచి మీద చిదిపి లెక్కపెట్టింది. అంతకుముందు మూడేళ్లూ రెండు, మూడు, అయిదు. గడ్డి పలచబడి పాలు సగానికి పడిపోయిన ఆ రోజుల్లో పాల రైతుల సంఘం మీటింగులో ఎవరో అన్నారు, "మసుయోగారి ఆవులు మేత మేయట్లేదు, ఉపవాసాలుంటున్నాయి" అని. అందరితోపాటు నేనూ నవ్వాను.

మాది ఉత్తరాన ఉండే హొక్కైదో దీవిలో తూర్పు వైపు. సముద్రం మీది పొగమంచుకి మొక్కజొన్న కంకి పట్టదు, గడ్డి ఒక్కటే పండుతుంది. నేను రెండు గదుల పల్లె బడిలో చదివినవాణ్ణి, అందంగా రాయడం చేతకాదు. జరిగినవి చెబుతాను. భర్త పోయాక ముప్పై నాలుగు ఆవుల్ని మసుయో ఒంటిచేత్తో నిలబెట్టింది. పెంటలో రంపపు పొట్టు కలిపి, ఏడాదికి నాలుగుసార్లు తిరగేసి, పిడికిట పట్టినా వాసనరాని ఎరువు చేసింది. మా చుట్టుపక్కల సేంద్రియ పాలకు మొదటి ధ్రువపత్రం తనకే వచ్చింది. దాన్ని పాలగది గోడకు మేకు కొట్టి తగిలించినవాణ్ణి నేనే.

తేనెటీగలు కూడా తన ఆలోచనే. బస్తా ఎరువు లేని నేలకు బలమిచ్చేది గడ్డిలో కలిసి పెరిగే క్లోవర్ మొక్క. ఆ క్లోవర్ గింజ కట్టాలంటే పూల మీద ఈగలు వాలాలి. అందుకే ఊరంతా జూన్ చివర మొదటి కోత కోసేస్తుంటే, తను ప్రతి మడిలో మూడో వంతు పూతకు వదిలేసేది. రెండు తేనెపెట్టెలతో మొదలుపెట్టి పద్నాలుగు చేసింది.

ఇక తప్పు సంగతి. అందులో పెద్దవాటా నాది.

మా ఊళ్లో దేన్నీ పారేయరు, విరిగిన పార కర్రను కూడా చూరు కింద దాస్తారు. హతనకా అనే ముసలాయన తేనె పని మానుకున్నప్పుడు ఆయన ఖాళీ పెట్టెలు ఆరు నా షెడ్డులో పెట్టుకున్నాను. పదిహేనేళ్ల తర్వాత అవి మసుయోకి ఇచ్చాను.

"లోపల మంటతో కాల్చాలన్నయ్యా, చెక్క నల్లబడేదాకా" అంది.

"మంచి దేవదారు చెక్కే! కాలిస్తే బీటలిస్తుంది. చాకలిసోడా నీళ్లతో కడిగి ఎండలో పెట్టు. పదిహేనేళ్లు ఖాళీగా ఉన్నదాంట్లో ఏ రోగం బతికుంటుంది?"

"నీ మాట నెగ్గకపోతే నీకు అన్నం సహించదు కదా" అని నవ్వింది. కడిగి ఎండబెట్టింది.

రోగం బతికే ఉంది. మరుసటి జూలైలో ఒక పెట్టె తెరిస్తే జిగురు కాచిన వాసన. మసుయో తేనెపట్టులో ఒక గదిలో అగ్గిపుల్ల గుచ్చి లాగింది. చచ్చిన పిల్లపురుగు గోధుమరంగు బంకలా దారం సాగింది. కబురు పెడితే పశువైద్యుడు వచ్చి చూశాడు. ఆ ఆరింటికీ రోగముంది. రోగమున్నవాటిని కాల్చాలనేది చట్టం.

"మిగతా ఎనిమిదీ బాగానే ఉన్నాయమ్మా" అన్నాడాయన.

"పోయిన నెల ఈ ఆరూ బాగానే ఉన్నాయండి" అంది మసుయో.

గుంట తనే తవ్వింది. సాయంత్రం ఈగలన్నీ తిరిగొచ్చేదాకా ఆగి, గుమ్మాలు మూసి, పద్నాలుగూ గుంటలో పేర్చింది. నేను పక్కనే నిలబడి, "నా మాట వినకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఆ కిరసనాయిలు డబ్బా ఇటివ్వన్నయ్యా" అంది, నా వైపు చూడకుండా.

ఆ తర్వాత రెండు వేసవులు ఈగల్లేకుండానే గడిచాయి. గింజ రాలలేదు. వాలులో క్లోవర్ పలచబడి కలుపు లేచింది, పాలు మళ్లీ తగ్గాయి. పోయిన నవంబరులో తన కూతురు చితోసెనీ నన్నూ కూర్చోబెట్టి, "వచ్చే వేసవి కూడా గింజ పడకపోతే ఆవుల్ని అమ్మేస్తాను" అంది. అరవై ఒక్కేళ్ల మనిషి, సంచి సర్దుకుని దక్షిణాన కగొషిమాకు వెళ్లింది. అక్కడ ఇవకిరి అనే ఆయన పూల వెంట తేనెపెట్టెల్ని లారీలో ఊరూరా తిప్పుతాడు. ఆయన దగ్గర చలికాలమంతా పనిచేస్తే, కూలికి బదులు ఈగలతో సహా పన్నెండు పెట్టెలిస్తాడు. అదీ ఒప్పందం.

పాలు పితకడం చితోసె, నేనూ చూస్తున్నాం. నా మోకాళ్ల సంగతి ఇక్కడ అనవసరం.

మొన్న ఫోను చేసింది.

"పెట్టెల పరీక్ష అయిందన్నయ్యా. రోగం లేదన్నారు. కానీ మూడు చలికాలంలోనే పోయాయి, తొమ్మిదే మిగిలాయి."

"తొమ్మిదితో అంత నేలా?"

"తొమ్మిదితోనే. మడులు కోయకుండా ఉంచు. ఇంకోమాట. ఎక్కడైనా పాతపెట్టెలు కనబడితే ఏరుకురాకు."

నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆవుల కోసం పాతరలో దాచిన గడ్డి ఇంకో మూడు వారాలకు మించి రాదు. అయినా తను చెప్పిన మడుల్లో కోత యంత్రం దించలేదు. మసుయోనీ పెట్టెల్నీ ఎక్కించుకుని ఇవకిరి లారీ పూల వెంట ఉత్తరానికి వస్తోంది. పడవ మీద జలసంధి దాటి మా వాలుకు చేరేది జూన్ పన్నెండున.