రంగు తేలేదాకా అమ్మకు రొట్టె లేదు

బాప్తీస్మానికి ముందు మా అమ్మ అడ్డపొగ తాగేది. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలాగే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, రెండు చేతులతో పని చేసుకునేది. నీళ్లలో మునిగి లేచిన రోజున మానేసింది. ఖరగ్‌పూర్‌లో మా సంఘమంతటి ముందు ఆ సాక్ష్యం చెప్పింది.

పంతొమ్మిది వందల తొంభైల్లో ఆమె ఊపిరితిత్తిలో గడ్డ కనబడింది. అంతకు ఆరేళ్ల ముందు రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనైంది. అది ఎవరికీ గుర్తు రాలేదు, చుట్ట గుర్తొచ్చింది. సంఘపెద్ద మా రైల్వే క్వార్టర్‌కి వచ్చాడు.

“మానేసినానని సాక్ష్యం సెప్పినావు. మరి ఊపిరితిత్తిలోకి ఎలాగొచ్చిందమ్మా?”

“ఇరవయ్యేళ్లయిపోనాది బాబూ. మళ్లీ ముట్టలేదు.”

“తేలేదాకా ప్రభు బల్లకి రాకు.”

నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆ బల్ల దగ్గరికి వచ్చేవాడు తన మనసు తాను చూసుకోవాలని నాకు నేర్పింది ఈయనే. పక్కవాళ్ల ఊపిరితిత్తులు చూడమని ఎక్కడుంది?

సూక్ష్మదర్శినిలో రెండు క్యాన్సర్లూ ఒకేలా కనిపిస్తున్నాయని బెంగాలీ డాక్టరు చెప్పాడు. గడ్డలోంచి తీసిన ముక్కను కలకత్తా పంపి హార్మోన్ రంగు వేయించాలట. కణాలు గోధుమరంగుకి తిరిగితే పాత రొమ్ము క్యాన్సరే పాకిందని దాదాపు ఖాయం. “ఘబ్రావ్ మత్ దీదీ, కంగారొద్దు, అలాగైతే రోజూ ఒక మాత్ర ఉంది,” అన్నాడు.

అమ్మకు మాత్ర గురించి పట్టలేదు. “రొట్టె తీసుకోకుండానే పోతానేటే?” అని అడిగేది. రెండు నెలలు, రెండు బల్లలు. రొట్టె పళ్లెం ఆమెను దాటి వెనక బెంచీకి పోయింది. నేను పళ్లు కొరుక్కుంటూ కీర్తన పాడాను.

గోధుమరంగు వచ్చిందని కాగితం వచ్చింది. న్యూ సెటిల్‌మెంట్‌లో సంఘపెద్ద ఇంటికి సైకిల్ మీద వెళ్లి చేతిలో పెట్టాను.

“దేవుడికి స్తోత్రం! ఆదివారం అమ్మని బల్లకి రమ్మను.”

“రంగు రాకపోతే?”

“ఏటి?”

“చుట్ట తాగనివాళ్లకీ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తాది. రంగు రాకపోతే మా అమ్మని అలాగే సావనిచ్చేవారా?”

ఆయన కాగితం మడిచి తిరిగిచ్చాడు.

ఆదివారం అమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చింది. రొట్టెను రెండు చేతులతో అందుకుంది. గిన్నె పట్టుకుని ఆయనే నా ముందుకొచ్చాడు. కోపం పెట్టుకుని తాగకూడదని నాకు తెలుసు, దింపుకోవడం చేతకాలేదు. తల అడ్డంగా ఊపాను.

అమ్మ నా మోచేతిని పొడిచింది.

“ఏటే, నువ్వు గానీ సుట్ట మొదలెట్టినావేటి?”

నాకు నవ్వు రాలేదు.