మా అమ్మను వెతికిపెట్టిన బాబాయిగారు

పాలు పోయడానికి వచ్చిన వెంకాయమ్మ చెప్పింది. "అమ్మా, దస్తావేజుల బాబాయిగారు పోయారంట. నిద్దట్లోనే." నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "నోటికొచ్చినట్టు మాట్లాడకు. నిన్న సాయంత్రం మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళిన మనిషి!" వెంకాయమ్మ పాలగిన్నె పక్కన పెట్టి నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు నమ్మాను.

తెనాలిలో మా వీధి మొత్తానికీ ఆయన దస్తావేజుల బాబాయిగారే. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో చిన్న బల్ల వేసుకుని, జనం పొలాలూ ఇళ్ళూ చేతులు మారే కాగితాలు రాస్తూ వయసంతా గడిపారు. మానేశాక కూడా చేతిలో కాగితం లేకపోతే ఆయనకు తోచేది కాదు. పకోడీల పొట్లం కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివేవారు. "చదవకుండా పారేస్తే ఎలాగమ్మా, ఎవరో కష్టపడి రాసుంటారు" అనేవారు. పాత రికార్డుల్లో మా తాతగారి సంగతి చూసిపెట్టండి అని ఎవరు అడిగినా గొడుగు తీసుకుని బయల్దేరేవారు. మా వీధిలో చాలామందికి అలా తాతలూ ముత్తాతలూ దొరికారు.

నాకు తాతలు అక్కర్లేదు. అమ్మ కావాలి.

నాకు ఎనిమిది నెలలప్పుడు అమ్మ పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆవిడ పేరు "పోయినావిడ". ఎప్పుడైనా నోరు జారితే "శారద" అనేవారు. ఫోటో లేదు. పుట్టిల్లు రేపల్లె అని మాత్రం తెలుసు, ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. నాన్నను అడిగే ధైర్యం నాకు వచ్చేసరికి నాన్న కూడా లేరు. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న ఆడదాన్ని, పిల్లల తల్లిని, ఒకరోజు బాబాయిగారి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లలా భోరుమన్నాను. అమ్మ ఎలా ఉండేదో కాదు, అసలు ఉండేదని చెప్పే కాగితం ముక్క ఒక్కటి చూపించండి చాలు అన్నాను.

"మగవాళ్ళ పేరు ఎక్కడైనా దొరుకుతుందమ్మడూ. ఆడవాళ్ళదైతే బడి రిజిస్టర్లు చూడాలి, లేదా పెళ్ళిలో పెట్టిన గిన్నెలు తిరగేయాలి" అని గొడుగు అందుకున్నారు.

ఇద్దరం రేపల్లె పాసింజరు ఎక్కేవాళ్ళం. ఆయన ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు రిజిస్టరు అడిగేవారు కాదు. గుమాస్తా మోకాళ్ళ నొప్పులు అడిగేవారు, కూతురి చదువు అడిగేవారు. నేను పక్కన కూర్చుని కుతకుతలాడిపోయేదాన్ని. "తొందర చెప్పులతోపాటు బయట వదిలెయ్యమ్మా" అని నా చెవిలో గొణిగేవారు. జనన రిజిస్టర్లలో లేదు. ఆడపిల్ల పుట్టిందని ఎవరు పనిగట్టుకుని రాయిస్తారు! రెండో ఏడాది ఒక బళ్ళో శారద దొరికింది. నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. హెడ్మాస్టరుగారు మంచినీళ్ళు తెప్పించారు. బాబాయిగారు మాత్రం ఆ ఇంటిపేరు పట్టుకుని ఊరంతా వాకబు చేశారు. ఆ శారదగారు వేటపాలెంలో మనవలతో నిక్షేపంగా ఉన్నారు.

"బతికున్న మనిషికి ఏడ్చావే తల్లీ" అని రైల్లో ఆయన ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఇక చాలు, మానేద్దాం అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఉన్నట్టుండి అడిగారు.

"అమ్మడూ, మీ నాయనమ్మ పేరేంటి?"

"అన్నపూర్ణమ్మ. ఎందుకండీ?"

ఆయన నుదురు కొట్టుకున్నారు. "నా బుద్ధి గడ్డి తినా! అడగాల్సింది అదమ్మా ముందు."

మర్నాడే బాపట్లలో ఉన్న మా మేనత్త దగ్గరికి లాక్కెళ్ళారు. గుమ్మంలోనే అడిగారు, మీ వదినగారిని పుట్టింట్లో ఏమని పిలిచేవారండీ అని. అత్తయ్య బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. "అన్నపూర్ణేనండి. మా అమ్మ పేరూ అదే కదా, అత్తగారి పేరు పెట్టి కోడల్ని ఎలా పిలుస్తాం? పెళ్ళిపీటల మీదే శారద అని మార్చేశాం."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వెప్పుడు అడిగావే?"

అత్తయ్య లేచి లోపలి నుంచి ఇత్తడి చెంబు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దాని మీద "అన్నపూర్ణ" అని చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. వేసవి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ చెంబుతోనే నీళ్ళు తాగేదాన్ని, నాయనమ్మదనుకుని. అది మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న చెంబట.

మళ్ళీ రేపల్లె. మళ్ళీ అదే బడి, అవే రిజిస్టర్లు. మేం రెండుసార్లు తిప్పేసిన పేజీలోనే, అత్తయ్య చెప్పిన ఇంటిపేరుతో ఉంది. బాబాయిగారు దారంతో కట్టుకున్న కళ్ళజోడు సర్దుకుని, దస్తావేజు చదివినట్టే ఒకే గొంతుతో చదివారు. పేరు అన్నపూర్ణ. తండ్రి వ్యవసాయం. అయిదో తరగతి. బడి మానిన కారణం, వివాహం. అక్కడ ఆగి, నా వైపు చూడకుండా చివరి గడి చదివారు. "గుర్తులు. ఎడమ చెంప మీద, కంటికి కొంచెం కింద, పుట్టుమచ్చ."

నేను నా చెంప మీద ఆ చోట వేలు పెట్టుకున్నాను. అక్కడ నాకేమీ లేదు. అయినా మా అమ్మ మొహంలో నాకు ఇప్పటికీ తెలిసింది ఆ ఒక్క చుక్కే, దాన్ని నాకు ఇచ్చింది ఆయనే. తిరుగు ప్రయాణంలో మరమరాల పొట్లం విప్పి నా చేతిలో పోసి, ఆ కాగితం చదువుకుంటూ కూర్చున్నారు. నా ఏడుపు ఆపమని అనలేదు. కన్నతండ్రయినా అంత ఓపిక పడతాడా!

పదకొండో రోజు బాబాయిగారి ఇంటి పెరట్లో కర్మ జరుగుతోంది. మేమంతా వరండాలో ఉన్నాం. పురోహితుడుగారు పెద్దల పేర్లు ఒక్కొక్కటే అడుగుతున్నారు. బాబాయిగారి కొడుకు తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు.

"నాయనమ్మగారి పేరు?"

అతను తలెత్తి నన్ను చూశాడు. "మామ్మ నేను పుట్టకముందే పోయిందక్కా. నీకు తెలిసుంటుంది. నాన్నతో నువ్వేగా తిరిగావు."

నిజమే. రెండేళ్ళు తిరిగాను. ఎన్ని రైళ్ళు, ఎన్ని వరండాలు, ఎన్ని మరమరాల పొట్లాలు! నా గొడవే నాది. బాబాయిగారూ, మీ అమ్మ పేరేంటండీ అని ఒక్కసారి, ఒక్కసారైనా అడిగానా? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన గదిలోకి పరిగెత్తాను. నోటు పుస్తకాలు వరసగా ఉన్నాయి. వీధిలో ప్రతి ఇంటికీ ఒక పేజీ, ఎవరికి ఎవరు తల్లి, ఏ ఊరి పిల్ల, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. అట్ట చిరిగిన పుస్తకంలో చివరి పేజీ ఆయన ఇంటిది. నాన్నగారి పేరు ఇంటిపేరుతో సహా రాసుకున్నారు. దాని కింద, వెయ్యి దస్తావేజుల్లో ఒక్క పేరు తప్పు పోనివ్వని మనిషి, "అమ్మ" అని రాసి ఊరుకున్నారు.

పుస్తకం పట్టుకుని పెరట్లోకి వచ్చాను. "దొరికిందామ్మా?" అన్నారు పురోహితుడుగారు. కొడుకు దర్భ చుట్టిన వేలితో, నువ్వులు కలిపిన నీళ్ళు దోసిట్లో పట్టుకుని నా నోటి వంకే చూస్తున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారిపోతున్నాయి. నువ్వులు అరచేతికి అంటుకుని మిగిలాయి.