ఉంగరం లోపలి పావురం

"...అంటే నేను గాజుముక్క కొనుక్కొచ్చాననేగా నీ అర్థం?"

"గాజని ఎవరన్నారే? కెంపే. వందేళ్లనాటిది మాత్రం కాదంటున్నా."

"పాతసామాన్లవాడు ఒట్టేసి చెప్పాడక్కా."

"వాడు ఒట్టేస్తే ఉంగరానికి వయసు పెరుగుతుందా?"

చెల్లెలు ముఖం మాడ్చుకుంది. వేలికి వదులుగా ఉందని, బిగించి ఇమ్మని తెచ్చిన ఉంగరం అది. అక్క దాన్ని దీపం కిందికి జరిపి, భూతద్దం కంటికి ఆనించింది.

ఆ వీధిలో అక్కని అందరూ 'ఎడంచెయ్యి' అంటారు. మెట్ల కింద ఒక బల్ల, ఒక దీపం, ఆమె. ఊడిన జిప్పులు, విరిగిన కళ్లజోళ్లు, తెగిన గడియారం పట్టీలు బాగుచేస్తుంది. ఒకప్పుడు పేరున్న నగల షాపులో రాళ్లు పొదిగేది. ఇరవై రెండేళ్లుగా ఎవరూ ఆమె చేతికి రాయి ఇవ్వలేదు.

"లోపల సన్నటి దారాల్లాంటివి ఉన్నాయి. ఫ్యాక్టరీ కెంపుకైతే వంపుగీతలుంటాయి. రాయి అసలుదే. కానీ వందేళ్లు వేళ్ల మీద తిరిగితే అడుగున బంగారం అరిగిపోవాలి. ఇదింకా దళసరిగానే ఉంది. పాతికేళ్లకి మించదు."

"నీకు ప్రతిదాంట్లో ఏదో మోసం కనిపిస్తుందిలే. తాము చేసే పనులే ఎదుటివాళ్లలో..." చెల్లెలు నాలిక కరుచుకుంది.

అక్క ఉంగరాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. ఆమె చూపు రాయిని పట్టుకున్న నాలుగు కొక్కేల మీద ఆగిపోయింది. నాలుగూ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ఆ షాపులో ఎడంచేత్తో కొక్కేలు నొక్కింది ఆమె ఒక్కతే.

ఇరవై రెండేళ్ల కిందట, ఒకావిడ ఆర్డర్ మీద ఈ ఉంగరాన్నే పూర్తిచేసి ఓనర్ చేతిలో పెట్టింది. మర్నాడు అది కనిపించలేదన్నారు. పనివాళ్లందరి ముందు జడ విప్పించారు. చెప్పుల అడుగులు కోయించారు. ఏమీ దొరక్కపోయినా పొమ్మన్నారు. కోసిన చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్తకాళ్లతో ఇంటికి నడిచింది. అదే షాపులో కౌంటర్ దగ్గర పనిచేసే చెల్లెలు ఎదురొచ్చి, "తీసుంటే ఇచ్చెయ్యక్కా" అంది. ఆ తర్వాత మరో మూడేళ్లు అక్కడే పనిచేసింది.

అక్క భూతద్దం చెల్లెలి చేతికిచ్చింది. "అప్పుడు పోయిందన్న ఉంగరమే ఇది. కొక్కేలు నావే. లోపల ముద్ర ఉంది, చూడు."

"అరె, మా షాపు పావురమే!"

"రెక్కలు ఎలా ఉన్నాయి?"

"విప్పి ఉన్నాయి."

"నేనున్నప్పుడో?"

"అప్పుడు ముడుచుకుని ఉండేవి. ఇది కొత్త బిల్డింగ్‌లోకి మారాక చేయించిన ముద్ర. అమ్మిన రోజునే, కొన్నవాళ్ల కళ్లముందే కొట్టాలని ఓనర్ పెట్టిన పద్ధతి కదా..." చెల్లెలి గొంతు తగ్గింది. "అప్పటికి నువ్వు మానేసి ఏడాదైంది. అంటే అప్పటిదాకా ఇది షాపులోనే ఉంది."

"మానెయ్యలేదు. గెంటారు."

"అక్కా..."

"ఏడుపు తర్వాత. ముందు చెప్పులేసుకో."

ఓనర్ ఇప్పుడు నగల వ్యాపారుల సంఘానికి పెద్ద. షాపు హాలు మధ్యలో మెత్తటి కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లని పలకరిస్తున్నాడు. అక్క ఇచ్చిన ఉంగరాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

"ఆ కొక్కేలెవరివి సార్? ఆ ముద్ర ఎప్పటిది?"

"లోపలికి రామ్మా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే బాగుంది. అప్పుడు కూడా అందరి ముందేగా."

ఆయన గొంతు తగ్గించాడు. "దీనికి ఇంకొకళ్లు రెట్టింపు ఇస్తామన్నారమ్మా, ఏడాది ఆగి తీసుకుంటామని. ఆర్డరిచ్చినావిడకి ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఆ ఏదో ఒకటి నేనా?"

కౌంటర్ అమ్మాయి చేతిలో గొలుసు అలాగే ఆగిపోయింది. సోఫాలో కూర్చున్నావిడ తన ఉంగరం తీసి లోపలివైపు చూసుకుంది.

"ఎప్పటి మాటో అది. నాకు డెబ్బై ఆరు వచ్చాయి. ఈ ఉంగరం నా దగ్గరే వదిలి వెళ్లు. పైన కిటికీ పక్క బల్ల ఖాళీగానే ఉంది. రేపట్నుంచి నీదే. అందరికంటే పెద్ద రాళ్లు నీ చేతికే ఇస్తాను."

పైనుంచి ఆకురాయి చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఎడంచేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకుని, ఉలి పట్టుకున్నట్టు నిలిచాయి.  తర్వాత ఆయన చేతిలోంచి ఉంగరం తీసుకుని చెల్లెలివైపు చాపింది.

"నువ్వే ఉంచుకో," అంది చెల్లెలు తల ఎత్తకుండా.

అద్దాల తలుపు అవతల, రోడ్డుకి ఆ పక్క, మూసేసిన జిరాక్స్ షాపు తలుపు మీద అద్దె బోర్డు వేలాడుతోంది. ఆమె దాన్ని చదివి, ఓనర్ వైపు తిరిగింది.

"సోమవారం నుంచి నా బల్ల ఎదురుగా ఆ గదిలో ఉంటుంది సార్. ఈ ఉంగరం భూతద్దం కింద పెడతాను. మీ మెట్లెక్కబోయే ప్రతివాళ్లకీ ముందు ఈ పావురాన్ని చూపించి, సంగతంతా చెప్పి, అప్పుడు పంపిస్తాను."