కోర్టు గోడ మీది బోర్డు

శ్రీకాకుళంలో కోర్టు గోడ వారగా, ఒక బోర్డు కింద, మా పిన్ని తట్టలో చేపలు పెట్టుకుని అమ్మేది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. చిన్నాన్న కొడుతున్నాడని ఊరి పెద్దలకు మూడుసార్లు చెప్పుకుంది. మూడుసార్లూ సర్దుకుపొమ్మన్నారు.

"ఆ బోర్డు మీద ఏటి రాసున్నాదే?" అని ఒకరోజు నన్ను అడిగింది. డిగ్రీ వెలగబెడుతున్న నేను ఫోన్లోంచి తలెత్తకుండా, "ఏవో కోర్టు గొడవలే పిన్నీ" అనేశాను.

రెండేళ్ల తర్వాత గానీ దాన్ని చదవలేదు. ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని పెడతారట, లోపల మొదటి గదిలో అడిగితే చాలట. నా చదువు తగలెయ్య! పిన్ని పక్కన కూర్చుని అంతా చెప్పబోయాను.

ఆవిడ తల అటు తిప్పి, "ఈ సెవిలో సెప్పే. కిందటేడు మీ సిన్నాన్న కొట్టిన కాణ్నుంచీ ఆ సెవి ఇనబడదు" అంది.