ఈపూరు దారిలో అంగారకుడు

ఆ కబురు మొదట మా ఇంటికి మోసుకొచ్చింది స్పానర్ బాబాయి. ఆయనకు అసలు పేరు వేరే ఉంది గానీ నరసరావుపేటలో మా వీధి మొత్తానికీ ఆయన స్పానర్ బాబాయే. మెకానిక్కు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్పానరు ఉండేది. నమాజుకు వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని తీసి షెడ్డు గుమ్మం మీద పెట్టి వెళ్ళేవాడు. ఆ పొద్దున మా గడప దగ్గరే నిలబడి, "అన్నా, హోల్‌సేల్ షావుకారు నీతో చెప్పమన్నాడు. గురువారం పన్నెండు లోపల పంచాంగాలు ఈపూరు కొట్లో దిగకపోతే నీ లైను వాళ్ళ బామ్మర్దికి ఇచ్చేస్తాడంట" అన్నాడు. చెడ్డమాట తన నోట వచ్చినందుకు తనే తల దించుకున్నాడు. నాన్న మంచం మీద నల్ల కళ్ళద్దాలతో కూర్చుని ఉన్నారు. కంటిలో శుక్లం తీయించుకుని అది నాలుగో రోజు.

లైను అంటే, నాన్న తన పాత వ్యానులో నోటు పుస్తకాలు, క్యాలెండర్లు, ఉగాది ముందు పంచాంగాలు ఊరూరి కొట్లకూ వేసి వచ్చే దారి. ఇరవై ఏళ్ళ నుంచీ మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ దారి మీదే. అయితే నా భయం లైను పోతుందని కాదు. పోనివ్వడానికి నాన్న ఒప్పుకోరని. కట్టు విప్పిన కంటితోనే, డాక్టరు వద్దన్న దుమ్ములోకి, స్టీరింగు పట్టుకుని బయల్దేరిపోతారు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు.

ఆ రోజుల్లో నాకు లోకమంటే ఒక కిటికీ. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మా వైపు మాఘం వచ్చిందంటే గాలిలోనే మిరప ఘాటు ఉంటుంది గనక, సగం ఏడాది నన్ను తలుపులు వేసి కాపాడేవాళ్ళు. బడి మొహం చూడలేదు. నాన్నే నా బడి. కొట్లు వెనక్కి పంపిన, అట్టలు చిరిగిన పుస్తకాలే నా పాఠాలు. (సగం పుస్తకాలకు చివరి పేజీలు ఉండేవి కావు. అందుకే ఇప్పటికీ ఏ కథైనా నా ఇష్టం వచ్చినట్టు ముగించుకునే అలవాటు పోలేదు. భగవంతుడి దయవల్ల అది చాలాసార్లు పనికొచ్చింది.) వాటిలో నాకు ప్రాణమైనవి అంతరిక్ష నౌకల కథలు. మూసిన అద్దాల గదిలో కూర్చుని, బయటి గాలి పీల్చకుండా లోకాలన్నీ చుట్టి రావడం. అంతకంటే నాకు తగిన ఉద్యోగం సృష్టిలో మరొకటి ఉంటుందా? నరసరావుపేట పెద్ద బజారు ఒంటరిగా దాటి ఎరగని నేను, శనిగ్రహం వలయాల మధ్య నుంచి మాత్రం కళ్ళు మూసుకుని వెళ్ళి రాగలను.

ఇరవై ఒకటో ఏట, ఊపిరి కాస్త కుదురుకున్నాక, స్పానర్ బాబాయి నాకు వ్యాను నేర్పాడు. నేర్పినన్నాళ్ళూ నా పెదాలు కదులుతూనే ఉండేవి. ఒకటో గేరు భూమిని వదలడం. రెండు, మేఘాలు దాటడం. నాలుగోది పడిందంటే ఇక నక్షత్రాల మధ్య. హారను, ఇతర గ్రహవాసులకు నా నమస్కారం. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు ఆయన అడిగాడు.

"ఎవురితో మాట్లాడతన్నావు తల్లీ?"

"నౌకతో బాబాయ్. అంతరిక్ష నౌక."

ఆయన వంగి నా కాళ్ళ వైపు చూశాడు. "మంచిదే. నౌకకైనా క్లచ్చి తొక్కాకే గేరు మార్చాల. నువ్వు తొక్కట్లా."

ఆయన నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు అంత గురి. లైసెన్సు వచ్చి నెల కాలేదు, పక్కన ఆయన లేకుండా వీధి మలుపు కూడా తిరగలేదు. అయినా ఆ గడప దగ్గర, "ఈపూరు నేను వెళ్తాను, ఒక్కదాన్నే వెళ్తాను" అనేశాను. బాబాయి పక్కన కూర్చుంటే కమాండరు ఎవరో తేలదని నా బాధ. నాన్న నల్ల అద్దాలు నావైపు తిప్పి, "పిల్ల వెళ్తుందిలే" అన్నారు. ఆ మాట అంటూనే ఆయన చేతులు దుప్పటి అంచు వెతుక్కోవడం నేను చూశాను.

గురువారం పొద్దున బాబాయే వచ్చి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ("మీ దేవుడికి మీ పద్ధతి, నేను గాలి మాత్రం చూశా" అన్నాడు.) నేను దేవుడికి దీపం పెట్టి, అరుగు మీద కూర్చుని, వ్యానులో ఎక్కించిన కట్టల్లోంచే ఒక పంచాంగం తీసి ఆ రోజు తిథి వెతికాను. ఫాల్గుణ బహుళ దశమి. వర్జ్యం తొమ్మిదీ నలభై దాకా ఉంది. అన్నీ సరిచూసుకోకుండా ఏ నౌకా బయల్దేరదు. తొమ్మిదీ నలభై దాకా ఆగాను. బాబాయి వాచీ చూసుకోవడం, నాన్న వినపడేలా నిట్టూర్చడం గమనించినా చలించలేదు. నలభై ఒకటికి పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టి, నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాను.

ఊరు దాటాక నాలుగో గేరు పడింది. కిటికీ అద్దాలన్నీ ఎత్తేశాను. రెండు పక్కలా పొలాలు వెనక్కి జారిపోతున్నాయి. ఇన్నేళ్ళూ నా కిటికీ కదలలేదు, ఇప్పుడు కదులుతోంది. స్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడే అద్దంలో ఒక చుక్క కనపడింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న ఎవడో ఒక మోపెడ్డు మీద నా వెనకే వస్తున్నాడు. హారను కొడుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు. నేను చదివిన కథల్లో వెనక నుంచి అలా వచ్చేది ఒక్కటే. శత్రు నౌక. అరవై దాటించాను. చుక్క చిన్నదైపోయింది. ఆ విజయానికి నన్ను నేను అభినందించుకున్నాను కూడా.

ఈపూరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు మీద సగం మేర ఉలవ కట్టె పరిచి ఉంది. పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు అలా పరుస్తారు. పల్నాడులో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కిటికీలోంచి రోడ్డు కనపడని ఇంట్లో పెరిగిన నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే. మెతుకు కాలికి తగిలితే తీసి కళ్ళకద్దుకునే ఇల్లు మాది. తిండిగింజల మీద నుంచి చక్రాలు పోనిస్తానా? స్టీరింగు పక్కకు తిప్పాను. నౌక రోడ్డు దిగింది, ఒక గట్టు ఎక్కి దిగింది, తర్వాత నా కళ్ళ ముందు నేలంతా ఎరుపు. కనుచూపు మేర ఎరుపు. అంగారకుడి మీద మొదట దిగిన మనిషిని నేనే అనుకున్న ఆ రెండు క్షణాలు, అబద్ధం చెప్పను, ఎంతో బాగున్నాయి. ఆ తర్వాత అంగారక గ్రహవాసులు తుమ్ముకుంటూ పరిగెత్తుకొచ్చారు.

అది మిరప కల్లం. కాయలు ఎండబోసిన పట్టా ఒకటి ముందు చక్రానికి చుట్టుకుని బండి ఆగిపోయింది. చీపురు చేతిలో పట్టుకున్న ఒక అవ్వ నా అద్దం మీద తట్టింది. సీసాలో నీళ్ళతో కొంగు తడిపి ముక్కుకు కట్టుకుని దిగాను.

"ఏమే పిల్లా, కళ్ళు నెత్తి మీదికి పొయినయ్యా? రోడ్డు మీద ఉలవలు పోసింది బండ్లు తొక్కుతయ్యనే గదే. తొక్కమన్నది తొక్కకుండా తొక్కగూడంది తొక్కితివి."

"తిండిగింజలు గదా అవ్వా. తొక్కబుద్ధి కాలేదు."

"మరి మిరక్కాయలు మేం తలకు రాసుకుంటన్నామా?"

కూలికొచ్చిన ఆడవాళ్ళంతా నవ్వారు. అవ్వ నవ్వలేదు గానీ చీపురు దించింది. "బండ్లో ఏంది?" అంది. పంచాంగాలు అన్నాను. పన్నెండు లోపల ఈపూరులో దించకపోతే మా నాన్న లైను పోతుందని కూడా చెప్పాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇయ్యాల మంచి గంట చూసుకునే బయల్దేరావా?"

"చూసుకునే వచ్చా అవ్వా. వర్జ్యం పోయిందాకా ఆగి మరీ వచ్చా. ఇదిగో, ఇందులోనే చూశా" అని సీటు మీది పంచాంగం తీసి చూపించాను.

"ఇందులోనా? ఇది కొత్తది గదే. ఉగాదికి మొదలయ్యేదాంట్లో ఇయ్యాల ఎట్టా ఉంటది?"

అక్షరం ముక్క రాని అవ్వ. ఇంటి బడిలో అన్నీ చదివిన నేను. పంచాంగం తెరిచి చూశాను. నేను చూసిన ఫాల్గుణ దశమి వచ్చే ఏడాదిది. వచ్చే ఏడాది వర్జ్యానికి ఈ ఏడాదే, ముందు జాగ్రత్తగా, ఆగాను. (అసలు వర్జ్యం సరిగ్గా తొమ్మిదీ నలభై ఒకటికే మొదలైందని సాయంత్రం నాన్న పాత పంచాంగం చదివించుకుని మరీ నాకు చెప్పారు.) అదే పుస్తకంలో నా రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు. ఇంకా ఉగాది రాకముందే లెక్క మొదలైపోయింది.

సిగ్గుకో ఘాటుకో తెలియదు, అప్పుడే నా ఛాతీలో పిల్లనగ్రోవి మోగడం మొదలైంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మందు పీల్చే గొట్టం కోసం డాష్‌బోర్డులో చెయ్యి పెట్టాను. లేదు. సీటు కింద లేదు. ఎక్కడుందో కూడా గుర్తొచ్చింది. వర్జ్యం చూస్తూ అరుగు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. గట్టు మీద కూలబడ్డాను. నవ్వుతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. అవ్వ కొంగుతో విసురుతూ, "ఊపిరి తీసుకోవే అమ్మా, తీసుకో" అంటోంది. తీసుకోవడానికి అక్కడ ఎర్రటి గాలి తప్ప ఏమీ లేదు.

అప్పుడు వచ్చింది శత్రు నౌక. డుర్రుమంటూ గట్టు దాకా వచ్చి ఆగి, మొహం మీది తువ్వాలు విప్పింది. స్పానర్ బాబాయి. కళ్ళు రెండూ మిరపపళ్ళలా ఉన్నాయి. వ్యాను వైపు చూడలేదు, పట్టా వైపు చూడలేదు. స్పానరు ఉండాల్సిన జేబులోంచి నా మందు గొట్టం తీసి చేతిలో పెట్టాడు.

"పీల్చు తల్లీ. మాటలు తర్వాత."

నాలుగు పీల్పులకు లోకం మళ్ళీ లోకమైంది. "వెనకాల వచ్చింది నువ్వా బాబాయ్?" అన్నాను.

"మరి ఎవురనుకున్నా?"

చెప్పాను. ఆయన అంతా విని, "శత్రువుననుకుంటే అనుకున్నావు గానీ, నా బండి నలభై దాటితే బోల్టులు రాలిపోతయ్యమ్మా. నన్ను చూసి అరవై ఎందుకు కొట్టావు?" అని చాకు తీసి చక్రం కింద దూరాడు. కోసిన పట్టా బదులు కొత్తది తెస్తానని అవ్వకు మాట ఇచ్చింది కూడా ఆయనే. నేను మాత్రం తిరిగొచ్చేటప్పుడు ఆమె ఉలవల మీద నాలుగుసార్లు బండి తిప్పిపోతానని మాట ఇచ్చాను. తిప్పాను కూడా, ప్రతి చుట్టుకూ లోపల లెంపలేసుకుంటూ.

ఈపూరు కొట్టుకు చేరేసరికి పన్నెండుకు ఏడు నిమిషాలు తక్కువ. కొత్త పంచాంగాల కోసం నలుగురు పంతుళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పెద్దాయన పంచాంగం తెరిచి కళ్ళకద్దుకున్నారు, వెంటనే తుమ్మారు. మిగతా ముగ్గురూ చాచిన చేతులు వెనక్కి తీసుకున్నారు. కొత్త పంచాంగం తెరుస్తూ తుమ్మితే ఇక ఆ సరుకు ఎవరు ముట్టుకుంటారు? అంతలో ఆయన మళ్ళీ తుమ్మారు. "రెండు తుమ్ములు, దోషం లేదు" అని ఆయనే తీర్పు చెప్పారు. లైను నిలిచింది. నాన్న కన్నూ నిలిచింది. ఆ ఏడాది ఈపూరు చుట్టుపక్కల ఏ ముహూర్తం పెట్టినా ముందు రెండు తుమ్ములు పడేవని విన్నాను.

ఇప్పుడా లైను నాదే. కొత్త వ్యాను, వెనక్కి పోతుంటే అదే కూతపెట్టి హెచ్చరిస్తుంది. ఒకటో గేరు వేసేటప్పుడు నా పెదాలు ఇంకా కదులుతాయి. ఆ ఎర్రనేల మీద కూలబడిన కమాండరును తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కాస్త ముద్దు కూడా వస్తుంది. ఆ గురువారం తర్వాత ఏడాది పాటు నేనెప్పుడు బయల్దేరినా అద్దంలో దూరంగా ఒక మోపెడ్డు ఉండేది. అడిగితే "ఈపూర్లో నాకు పనుందమ్మా" అనేవాడు. ఏం పనో ఏనాడూ చెప్పలేదు. రెండేళ్ళ క్రితం ఆయన పని అయిపోయింది. స్పానరు షెడ్డు గుమ్మం మీదే ఉంది, నమాజుకు వెళ్ళినట్టు.

ఇది చదివిన మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. రోడ్డు మీద వెనక నుంచి ఎవరైనా హారను కొడుతూ చెయ్యి ఊపుతుంటే, కాస్త స్పీడు తగ్గించి, మీ దేవుడి దగ్గర మా స్పానర్ బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.