సుడి లేని గోదావరి బొమ్మ

మా ఆయన నది సర్వే ఆఫీసులో టెంపరరీ. పడవలో తిరిగి నీటి వేగం, దిశ అక్కడక్కడా కొలిచి పుస్తకంలో రాసుకొచ్చారు. ఆ అంకెలను బట్టి కంప్యూటర్ నీరు పోయే దారులను గీతలుగా గీసింది. ఆ బొమ్మ చూసే కొత్త రేవు ఎక్కడ కట్టాలో తేలుస్తారు.

ఈ రోజు మధ్యాహ్నం బూర్గంపాడు పడవతను ఇంటికొచ్చి బొమ్మ చూశాడు.

"ఏంది సారూ, గీతలన్నీ సక్కగ కిందికే పోతున్నయ్? ఈ ఒడ్డు కాడ నీళ్లు ఎనక్కి తిరుగుతయ్ గద. మా సుడిని మీ మిషిన్ మింగిందా?"

మా ఆయన బొమ్మను దగ్గరికి లాక్కుని ఆ ఒడ్డు గీతలు మళ్లీ చూశారు. బొమ్మ కాపీ పొద్దున్నే ఖమ్మం పెద్దాఫీసుకు పోయింది.

పుస్తకంలోని అంకెలు చదివి ఆయనతో ఫారాల్లో రాయించింది నేనే. కొన్ని అంకెల ముందు చిన్న గీత ఉంది. సరుకుల చీటీలో పెట్టే గీత లాంటిదే అనుకుని వదిలేశాను. అడగడానికి సిగ్గేసింది.

పడవతను వెళ్లాక మా ఆయనకు చెప్పాను.

"ఆ గీతుంటే నీళ్లు ఎనక్కి పోతున్నట్టు. అడిగితే ఏమన్న అంటనా నిన్ను?" అని, ఖమ్మం బస్సుకు పరుగెత్తారు.

చీకటి పడుతోంది, ఇంకా రాలేదు. ఉద్యోగం పోతే పోనీ, రేవు ఆ సుడి దగ్గరే కట్టి పడవ మునిగితే? సిగ్గుపడి అడగక ఇంత పని చేసినవారు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి.