ఎనిమిదో ప్రయాణికుడు

మా మేనత్త పగ పట్టిందంటే దానికీ అట్ట వేసి, నంబరు రాసి దాచుకుంటుంది. ఇరవై రెండేళ్లు బడి లైబ్రరీ చూసుకున్న మనిషి మరి.

హెడ్మాస్టరు మీది పగకైతే తేదీ కూడా వేసుకుంది. ఆ రోజు బడికి అరవై ట్యాబ్‌లు వచ్చాయి. పిల్లలకి చదువు మీద ఇష్టం ఇక వీటితోనే పుట్టాలన్నారు. లైబ్రరీలోని పుస్తకాలన్నీ హెడ్మాస్టరు గది వెనకున్న కొట్లోకి పోయాయి. బీరువాల చోట ఛార్జింగ్ బల్లలు వెలిశాయి.

"నెలాఖరుకి పాతకాగితాలవాడు వస్తాడు, ఎత్తుకుపోతాడు," అన్నాడాయన స్టాఫ్ మీటింగులో.

"పిల్లలకైనా పంచుదాం సార్," అంది అత్త.

"ఈవిడ చేతికి ట్యాబ్ ఇచ్చినా అట్ట వేసి నంబరు రాస్తుంది."

అందరూ నవ్వారు. లెక్కల మేడమ్ అయితే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అత్త కూడా నవ్వింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"పోనీ వదినా, ఉద్యోగం తీసెయ్యలేదుగా," అంది అమ్మ.

"తీసేసినా బాగుండేది. నా గదిలో నన్నే ప్లగ్గులు పెట్టమన్నాడు. చూస్తూ ఉండు, మూడు చెరువుల నీళ్లు తాగిస్తాను."

దారి ఆయనే చూపించాడు. తనిఖీకి పైవాళ్లు వచ్చేలోగా ట్యాబ్‌లలో ముప్పై కథలు వినిపించాలట. అత్త గొంతు బాగుంటుంది. చదివి పెట్టమన్నాడు. పుస్తకాలున్న కొట్టుకి తాళం వేసి ఉంటే ఎలా చదువుతుందో ఆయన అడగలేదు. అత్తకి అవన్నీ కంఠతా వచ్చు.

ఫ్యాను ఆపించి, కుక్కరు దింపించి, దుప్పటి ముసుగేసుకుని రికార్డు చేసింది.

"పడవ ఎక్కినవాళ్లు ఏడుగురు. అవతలి ఒడ్డున దిగినవాళ్లు ఎనిమిది మంది. పడవవాడు ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చాడు. ఎనిమిదో మొహం చూసేసరికి అతని చేతిలో తెడ్డు జారిపోయింది..." అక్కడ ఆగి, ఎంతో మర్యాదగా అంది: "మిగతా కథ పుస్తకంలో ఉంది. పుస్తకం హెడ్మాస్టరు గారి గది వెనక కొట్లో ఉంది."

ముప్పై కథలూ అంతే.

మర్నాటి నుంచి ఆయన టీ గ్లాసు ఎత్తడం ఆలస్యం, గుమ్మంలో పది తలకాయలు.

"సార్, ఎనిమిదోవాడు ఎవరు సార్?"

"కొట్టు తాళం మీ దగ్గరే ఉందట కదా సార్?"

గేటు దగ్గర తల్లులు పట్టుకున్నారు. "మా పిల్ల మా ప్రాణాలు తోడేస్తోందండీ, ఆ పుస్తకమేదో ఇచ్చెయ్యకూడదూ?" ఒక తాతగారైతే మనవడి పేరు చెప్పి తనకోసమే అడిగాడు.

నెలాఖరుకి పాతకాగితాలవాడు వచ్చాడు. గోతం సగం నింపి, మళ్లీ కిందకి కుమ్మరించేశాడు. "మా అమ్మాయి ఈ బడే సార్. ఇవి తూకానికేస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

హెడ్మాస్టరు అత్తని పిలిపించాడు. "తనిఖీ ఎల్లుండే. ఆ కథలు పూర్తిగా చదివి పెట్టండి తల్లీ."

"పుస్తకం చూడకుండా చదివితే తప్పులు దొర్లుతాయి సార్. మీకే తలవంపులు."

ఆయన తాళం బల్ల మీద పెట్టాడు. అత్త ముట్టుకోలేదు.

"పిల్లల్ని కొట్లో కూర్చోబెట్టలేను. నా గది కావాలి."

సాయంత్రానికి ఛార్జింగ్ బల్లలు కొట్లోకి పోయాయి, బీరువాలూ పుస్తకాలూ గదిలోకొచ్చాయి. అత్త కుర్చీలో కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెప్పింది. బరువైనవన్నీ లెక్కల మేడమ్ చేత మోయించింది. తనిఖీలోగా ఇరవై తొమ్మిది కథలు పూర్తిగా చదివి పెట్టింది; పడవ కథ పుస్తకం మాత్రం అప్పటికే ఎవరో పిల్ల పట్టుకెళ్లిపోయింది.

తనిఖీ అయిన మర్నాడు హెడ్మాస్టరు ఒక్కడే వచ్చాడు. చంకలో ట్యాబ్. కాసేపు బీరువాలు చూశాడు.

"ఇంతకీ ఆ ఎనిమిదోవాడు ఎవరండీ?"

అత్త రిజిస్టరు తెరిచింది. "పుస్తకం బయట ఉంది సార్. మీ ముందు నలభై రెండు మంది ఉన్నారు. ఆ ట్యాబ్ ఇలా ఇవ్వండి."

తీరిగ్గా దానికి ఖాకీ కాగితం అట్ట వేసి, పైన నలభై మూడు అని రాసి ఇచ్చింది. ఆయన దాన్ని మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లాడు.

ఆ పూట అత్త రెండుసార్లు వడ్డించుకుంది.

"కథ నోటికొచ్చుగా వదినా, చెప్పేస్తే పోయేది," అంది అమ్మ.

"చెప్తాను, ఆయన రిటైరయ్యే రోజున," అంది అత్త. "అదీ సగమే."